సమబాహు త్రిభుజాన్ని సమద్విబాహు త్రిభుజం అనొచ్చా, అనొద్దా?

హనుమకొండ నాన్న:
మా పాప ఆరో తరగతి. నిన్న స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న: "సమబాహు త్రిభుజాన్ని సమద్విబాహు త్రిభుజం అనవచ్చా?" పాప "అనవచ్చు" అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేశారు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. తప్పు ఎవరిది?

రిటైర్డ్ లెక్కల సారు:
టీచరుదే కరెక్టు. పేరులోనే ఉంది కదా, ద్వి అంటే రెండు; సమబాహులో మూడు భుజాలూ సమానం. పాతకాలపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకం 20వ నిర్వచనంలో సమద్విబాహుకు రెండు భుజాలు మాత్రమే సమానం అన్నాడు. ముప్పై ఏళ్లు ఇట్లనే చెప్పిన.

కాజీపేట ట్యూషన్:
నమస్తే సార్. పేరునే పట్టుకుంటే దీర్ఘచతురస్రం సంగతేంది? పేరులో 'దీర్ఘ' ఉన్నా, చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే అని మీరే చెప్పి ఉంటారు. యూక్లిడ్ ఆ రెంటినీ కూడా వేరుగానే పెట్టాడు. అక్కడ ఆయన్ని వదిలేసి ఇక్కడ పట్టుకుంటే ఎట్లా?

ఇప్పుడు ఎక్కువగా వాడే నిర్వచనం "కనీసం రెండు భుజాలు సమానం". ఎందుకో గీసి చూడండి. 10 సెం.మీ. భూమి, దాని మధ్య బిందువు నుంచి పైకి లంబం. ఆ లంబం మీద ఎక్కడ చుక్క పెట్టి రెండు చివరలకు కలిపినా సమద్విబాహు త్రిభుజమే. 5 సెం.మీ. ఎత్తులో పెడితే పైన లంబకోణం, కిందికి దించితే అధికకోణం, పైకి జరిపితే అల్పకోణం. దాదాపు 8.66 దగ్గర మూడు భుజాలూ సమానం. మీ లెక్కన ఆ ఒక్క చుక్క దగ్గర అది సమద్విబాహు కాకుండా పోయి, కొంచెం జరపగానే మళ్లీ అవుతుంది! అసలు సమబాహులో ప్రతి కోణం 60° అని నిరూపించేది కూడా సమద్విబాహు సిద్ధాంతాన్ని (సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం) రెండుసార్లు వాడే కదా.

మేస్త్రీ కొడుకు:
మా నాయన ప్లాటు మూలకు 3, 4, 5 అడుగులు కొలిచి మట్టం చూస్తడు. ఏ త్రిభుజం అంటే 'మూల' అంటడు, అంతే. సారీ, టాపిక్ తప్పిన.
అన్నా, పాపకు జామెట్రీ బాక్సులో ఉండే 30-60 డిగ్రీల మూలమట్టాలు ఒకే సైజువి రెండు ఇవ్వండి. ఒకదాన్ని బోర్లించి, లంబకోణం పక్కనున్న పొడుగు అంచులు కలిపితే సమబాహు వస్తది. పొట్టి అంచులు కలిపితే 120° కోణం ఉన్న సమద్విబాహు.

రిటైర్డ్ లెక్కల సారు:
ట్యూషన్ బాబూ, దీర్ఘచతురస్రం మాట ఒప్పుకుంటున్న. కానీ "ఇది ఏ రకం త్రిభుజం?" అని అడిగితే సమబాహు అనే రాయాలె. సమద్విబాహు అని ఊరుకుంటే నేనైనా మార్కు వెయ్య. "అనవచ్చా" అని అడిగితే మాత్రం వెయ్యాల్సిందే. పేపర్ మళ్లీ చూడండి.

హనుమకొండ నాన్న:
"అనవచ్చా" అనే ఉంది సార్. రేపు స్కూలుకు పోయి అడుగుతా. మూలమట్టం కోసం పక్కింటి పిల్లగాడి దగ్గరికి పోయింది గానీ, వాడిది పెద్ద బాక్సు, అంచులు కలవలేదు. ఇప్పుడు ఇంకో బాక్సు కొనియ్యమని కూర్చుంది.