తీరం దాటదట, అయితే ప్రమాదం లేనట్టేనా? ఈస్ట్ కోస్ట్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

కొత్తగా_కరోలినా:
నమస్తే అండీ. ఒహాయో నుంచి నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌కి మారి నాలుగు నెలలైంది. హరికేన్ (ఇక్కడి పెద్ద తుపాను) సీజన్ చూడటం ఇదే మొదటిసారి. ఇప్పుడొచ్చేది తీరం దాటదని, 200 మైళ్ళ దూరంలో సముద్రం మీదుగానే ఉత్తరానికి వెళ్ళిపోతుందని టీవీలో చెప్తున్నారు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. శనివారం వాళ్ళని బీచ్‌కి తీసుకెళ్తానని మాటిచ్చాను. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది "ఏం కాదు" అంటున్నారు, మిగతా సగం నీళ్ళ సీసాలు కొంటున్నారు. ఎవరి మాట వినాలి?

హటెరస్_హాలిడే:
శనివారం బీచ్ మాట మర్చిపోండి. 2025 ఆగస్టులో ఎరిన్ అనే హరికేన్ కూడా ఇలాగే తీరం దాటలేదు. మేము అప్పుడు నార్త్ కరోలినా తీరంలోని హటెరస్ దీవిలో అద్దె ఇంట్లో దిగి రెండు రోజులే అయింది. ఆకాశం నిర్మలంగా ఉంది, ఆకు కదలడం లేదు. అలాంటప్పుడు దీవి ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చింది. కట్టిన డబ్బు పోతుందని నేను గొణుగుతూనే సామాను సర్దాను. ఎందుకు పొమ్మన్నారో తర్వాత అర్థమైంది. ఆ దీవికి ఉన్న దారి హైవే 12 ఒక్కటే. అలలు ఇసుక దిబ్బలు దాటి ఆ రోడ్డు మీదికి వస్తే ఇంక అంబులెన్స్ కూడా రావడానికి ఉండదు. చివరికి రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి కూడా. తుపాను కేంద్రం మాత్రం ఎక్కడో 200 మైళ్ళ అవతల ఉంది.

రెండెర్రజెండాలు:
పై మాటకి నాదొకటి కలుపుతాను. అదే ఎరిన్ ఇంకా దక్షిణాన బహామాస్ దగ్గర ఉండగానే, మీ ఊరి పక్కన రైట్స్‌విల్ బీచ్‌లో ఒక్క రోజులో దాదాపు 60 మందిని లైఫ్‌గార్డులు నీళ్ళలోంచి బయటికి లాగారు. గాలి లేదు, వాన లేదు, మంచి ఎండ. రిప్ కరెంట్ అంతే. తుపాను లేపిన పొడవాటి అలలు దానికంటే ముందే వందల మైళ్ళు ప్రయాణించి ఒడ్డుకు చేరతాయి. అలా వచ్చిపడిన నీళ్ళు ఒక సన్నటి దారి చూసుకుని వెనక్కి లాక్కుపోతాయి, దాంట్లో ఉన్న మనిషితో సహా.

మా కజిన్ ఫ్లోరిడాలో మోకాలి లోతులోనే నిలబడ్డాడు. ఈతగాడే. ఒక అల కాళ్ళు తప్పించింది, తల తిప్పి చూసేసరికి ఒడ్డు దూరమైపోయింది. ఒడ్డు వైపే ఈదుతూ అలిసిపోయాడు. చేయకూడనిది అదే. ఆ లాగుడుకి ఎదురు వెళ్ళకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఊపి అరవాలి. ఇంకొకరు పట్టుకొచ్చారు కాబట్టి బతికాడు. ఫ్లోరిడాలో రెండు ఎర్రజెండాలు కడితే నీళ్ళలోకి దిగడమే నిషేధం. మా వాడు "అలలు చిన్నవే కదా" అనుకుని దిగాడు.

దిగకుండా రాళ్ళ మీద నిలబడి చూద్దాం అనేవాళ్ళూ ఉంటారు. 2009లో బిల్ అనే హరికేన్ సముద్రంలో దూరంగా వెళ్తుంటే, మెయిన్ రాష్ట్రంలోని అకేడియా నేషనల్ పార్కులో అలలు చూడటానికి నిలబడిన జనాన్ని ఒక పెద్ద అల ఊడ్చేసింది. ఒక చిన్నపాప చనిపోయింది.

జాక్సన్‌విల్_బాబాయ్:
మరీ అంత భయపెట్టకండి అబ్బాయిలూ. 2019లో డోరియన్ హరికేన్ వస్తోందని మా కుటుంబం అంతా తొమ్మిది గంటలు కారులో పోయి హోటల్లో పడి ఉన్నాం. తిరిగొస్తే పెరట్లో రెండు కొమ్మలు విరిగాయి, అంతే. హోటల్ బిల్లు మాత్రం ఇంకా గుర్తుంది. టీవీ వాళ్ళకి రోజూ ప్రళయమే.

పామ్లికో_గట్టు:
బాబాయ్ గారూ, బిల్లు బాధ అర్థమైంది. కానీ అదే డోరియన్ మీ ఊరు దాటాక ఏం చేసిందో కూడా చెప్పాలి. నార్త్ కరోలినాలోని ఓక్రకోక్ దీవిలో జనం సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే ఉప్పెన వెనక నుంచి, పామ్లికో సౌండ్ (దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న నీళ్ళు) వైపు నుంచి వచ్చింది. గాలి దిశ మారగానే ఆ నీళ్ళన్నీ దీవి మీదికి దొర్లాయి. 4 నుంచి 7 అడుగులు. కొందరు అటక మీదికి ఎక్కారు. మన పెద్దవాళ్ళకి 1977 దివిసీమ వల్ల ఉప్పెన అంటే ఏంటో తెలుసు, మనమే మర్చిపోయి "కేటగిరీ ఎంత?" అని అడుగుతున్నాం. ఆ కేటగిరీ గాలి వేగానికి ఇచ్చేది, నీళ్ళ సంగతి అది చెప్పదు.

ఇంకో మాట, తుపాను ఎటు వెళ్ళొచ్చో టీవీలో చూపించే ఆ శంకువు ఆకారం బొమ్మ (కోన్) గురించి. తుపాను కేంద్రం ఆ గీతల లోపల ఉండే అవకాశం మూడింట రెండు వంతులు మాత్రమే. గీత బయట ఉన్నాం కాబట్టి క్షేమం అని దాని అర్థం కాదు. తుపాను ఎంత వెడల్పో కూడా అందులో తెలియదు.

కొత్తగా_కరోలినా:
ఇది నిజంగా తెలియదండీ. మరి సమాచారం ఎక్కడ చూడాలి? ఫోనులో పది యాప్‌లు పది రకాలుగా చెప్తున్నాయి.

పామ్లికో_గట్టు:
నేను రెండే చూస్తాను. ఒకటి నేషనల్ హరికేన్ సెంటర్ ప్రకటన. మన టైమ్ ప్రకారం ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి వస్తుంది. మధ్యలో రిఫ్రెష్ కొట్టి టెన్షన్ పడనవసరం లేదు. వాచ్ అంటే 48 గంటల్లోపు అలాంటి పరిస్థితి రావచ్చని, వార్నింగ్ అంటే 36 గంటల్లోపు వస్తుందనే అనుకోమని. ఉప్పెనకి విడిగా వార్నింగ్ ఇస్తారు, అది మిస్ కావద్దు. రెండోది మన కౌంటీ (జిల్లా లాంటిది) ఎమర్జెన్సీ పేజీ. ఇల్లు ఖాళీ చేయాలో వద్దో చెప్పేది వాళ్ళే. నార్త్ కరోలినాలో అడ్రస్ కొడితే ఖాళీ చేయించడానికి పెట్టిన జోన్లలో మీది ఏ అక్షరమో వస్తుంది. ముందు కదలమనేది 'A' జోన్ వాళ్ళని.

నైట్‌డ్యూటీ_నర్సు:
అమ్మానాన్న వచ్చి ఉన్నారన్నారు కదా, అందుకే రాస్తున్నా. ఒకసారి తుపానప్పుడు మావారు వేరే ఊళ్ళో, నేను హాస్పిటల్లో తుపాను డ్యూటీలో. ఇంట్లో అత్తయ్య, మామయ్య ఇద్దరే. రాత్రి రెండింటికి నా పాత ఫోన్ సైరన్‌లా అరిచిందట. ఇంగ్లీషులో ఏదో వచ్చింది, మామయ్య ఫోన్ పాడైందనుకుని స్విచాఫ్ చేసేశారు. అత్తయ్య ఫోన్‌కి అసలు రాలేదు. ఎందుకంటే అది వైఫై మీదే నడుస్తోంది, ఆ ఎమర్జెన్సీ అలర్ట్ సెల్ టవర్ నుంచి వచ్చేది. పొద్దున ఎనిమిదింటికి నేను ఫోన్ చేసేదాకా వాళ్ళకి ఏ సంగతీ తెలియదు.

ఆ తర్వాత పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మన జోన్ ఏది, ఫోన్ అలా అరిస్తే ఎవరికి చేయాలి, పక్కింటావిడ నంబరు, బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు ఏ సంచిలో ఉన్నాయి, అత్యవసర నంబరు 911కి ఇంగ్లీషులో చెప్పాల్సిన ఒక వాక్యం తెలుగు లిపిలో. మామయ్యతో రెండుసార్లు చదివించాను. నవ్వుకున్నారు గానీ, తర్వాతి తుపానుకి ఆ సంచి ఆయనే గుమ్మం దగ్గర పెట్టారు.

హటెరస్_హాలిడే:
వరద ఇన్సూరెన్స్ ఇప్పుడు కొంటే పని జరగదు, మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. జెనరేటర్ ఉంటే గరాజ్‌లో వద్దు, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టండి.

జాక్సన్‌విల్_బాబాయ్:
నర్సమ్మ చెప్పిన కాగితం ఫొటో పెడతావా అమ్మా? మా ఇంటావిడ అడుగుతోంది.

కొత్తగా_కరోలినా:
అడ్రస్ కొట్టి చూశాను, మాది ఏ జోన్‌లోనూ లేదు. నర్సక్కా, కాగితం రాశాను, నాన్నకి ఇండియా సిమ్ తీసి ఇక్కడి సిమ్ కూడా వేయించాను. బీచ్ రద్దు అంటే ఆయన అలిగి, "తుపాను పోయిన మర్నాడైనా తీసుకెళ్తావా?" అంటున్నారు.

రెండెర్రజెండాలు:
మర్నాడు కూడా వద్దండీ. తుపాను వెళ్ళిపోయినా అలలు ఒకటి రెండు రోజులు వస్తూనే ఉంటాయి. లైఫ్‌గార్డ్ ఎర్రజెండా దించాక తీసుకెళ్ళండి.