బలహీనంగా పుట్టిన మేకపిల్ల: ముందు పాలు పట్టాలా, వేడి చెయ్యాలా?

ఆనందపురం మేకలసాల
నాటు మేక ముసురులో కవలల్ని ఈనింది. రెండో పిల్ల కిలో కూడా తూగలేదు. చన్ను పట్టలేదు, ఒళ్లు చల్లబడి తెల్లారేసరికి పోయింది. ఇంకొన్ని చూడి మేకలు ఈ పక్షంలోనే ఈనేలా ఉన్నాయి. అలాంటి పిల్ల మళ్లీ పుడితే మొదట ఏం చెయ్యాలి?

పద్మనాభం రైతు
ముందు థర్మామీటరు పెట్టండి. మామూలు పిల్లకి 102–103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 99 దాటి 102 లోపు ఉంటే ఒళ్లు తుడిచి వెంటనే జున్నుపాలు పట్టొచ్చు. 99 కంటే దిగిపోతే నోట్లో పాలు పొయ్యకండి. చల్లబడ్డ పొట్టలో పాలు అరగవు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొడిగుడ్డతో రుద్ది ఆరబెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి డొక్కల పక్కన పెట్టండి. వేలు పెడితే చప్పరించాలి, అప్పుడు పాలు.

ఇది పుట్టిన 5 గంటల్లోపు పిల్ల మాట. అంతకు మించితే ఒంట్లో కొవ్వు కరిగిపోయి ఉంటుంది. చక్కెర అందకుండా వేడి చేస్తే ఫిట్సు వచ్చి చచ్చిపోతుంది. వేడికి ముందే డాక్టరు సూదితో పొట్టలోకి 20 శాతం గ్లూకోజు, కిలో బరువుకి 10 మి.లీ., ఒంటి వేడికి తెచ్చి ఎక్కించాలి. మీరు పొడవకండి, సూది పేగుకి తగులుతుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962.

భీమిలి పశుపోషణ
జున్నుపాలు విడతకి కిలో బరువుకి 50 మి.లీ., మొదటి రోజు నాలుగు విడతలు. మొదటిది రెండు గంటల్లోపు పడాలి. రక్షణ పదార్థాన్ని పీల్చుకునే శక్తి పేగుకి గంటగంటకీ తగ్గి, రోజు తిరిగేసరికి పోతుంది. ఈనగానే రెండు చన్నులూ రెండేసి ధారలు పిండెయ్యండి. మొనలో మైనంలా అడ్డం ఉంటుంది, నీరసం పిల్ల దాన్ని లాగలేదు. చాలాచోట్ల పిల్ల పోయేది ఇక్కడే, ఎవరూ చూడరు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన జున్నుపాలని చెయ్యి పట్టేంత వేడి నీళ్లలోనే కరిగించాలి. పొయ్యి మీద పెడితే విరిగిపోతాయి. బొడ్డు 7 శాతం టించర్ అయోడిన్‌లో ముంచండి.

ఆనందపురం మేకలసాల
తల్లి సంగతి?

పద్మనాభం రైతు
మిగిలిన పిల్ల ఒకవైపే తాగుతుంటుంది. రెండోవైపు పొదుగు గట్టిపడి వేడెక్కితే పొదుగువాపు మొదలైనట్టే, వెంటనే పిండి డాక్టరుకి చూపించండి. మాయ, చచ్చిన పిల్ల చేతితొడుగులతో తీసి, సున్నం వేసి, కుక్కలు తవ్వనంత లోతున పూడ్చండి. వరసగా ఇలాగే ఈనుతుంటే బ్రుసెల్లా (చూడి పోగొట్టే అంటురోగం) పరీక్ష చేయించండి. చూడి మేకలకి దాణా ఒక్కోదానికి రోజుకి 200–250 గ్రాముల వరకూ పెంచండి, అయితే రోజుకి కాస్త చొప్పున. ఒక్కసారే పోస్తే పొట్ట పులుస్తుంది.