నేరం ఒప్పుకొని, అప్పీలు హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాక ఇంకేమైనా దారి ఉంటుందా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నమస్కారమండి. టెక్సస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఒక మోసం కేసులో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష పడి ఆరు రోజులయింది. ప్రాసిక్యూటర్‌తో కుదిరిన ఒప్పందంలో, శిక్షపై అప్పీలు చేసే హక్కును వదులుకుంటున్నానని ఒక పేరా ఉంది. ఆ పేజీ అడుగున వాడి పొడి అక్షరాలున్నాయి. శిక్ష అనుకున్న దానికంటే ఎక్కువ పడడంతో అప్పీలు వేయమని అడిగితే, సంతకం పెట్టాక కుదరదని లాయరు అంటున్నారు. పిన్నికి కంటిమీద కునుకు లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ముందు గడువు చూసుకోండి. తీర్పు రికార్డులో నమోదైనప్పటి నుంచి 14 రోజుల్లోగా అప్పీలు నోటీసు దాఖలు కావాలి. ఇలాంటి ఒప్పందమే ఉన్న గార్జా వర్సెస్ ఐడహో కేసులో, అప్పీలు వేయమని క్లయింటు స్పష్టంగా చెప్పినా లాయరు వేయకపోతే అది లాయరు లోపమేనని, దానివల్ల క్లయింటుకు నష్టం జరిగినట్టే భావించాలని అమెరికా సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాబట్టి మీ తమ్ముణ్ణి ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. లాయరు కదలకపోతే తనే నోటీసు రాసి, గడువు దాటకుండా జైలు తపాలాలో వేయవచ్చు.

రెండో జవాబు:
పై మాట నిజమే గాని, నోటీసు వేసినంత మాత్రాన అప్పీలు నెగ్గినట్టు కాదండి. వదులుకున్న అంశాన్నే మళ్లీ ఎత్తితే ప్రభుత్వం ఆ పేరా చూపించి అప్పీలును కొట్టేయమంటుంది. ఒప్పందం ఉల్లంఘించారని, ఇచ్చిన సడలింపులు వెనక్కి తీసుకునే ప్రమాదం కూడా కొన్నిచోట్ల ఉంది. అందుకని ఒప్పందంలో ఏయే మినహాయింపులు మిగిల్చారో అక్షరం అక్షరం చదవండి. చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి దాటిన శిక్ష, లాయరు అసమర్థత వంటివి చాలా ఒప్పందాల్లో మినహాయించి ఉంటాయి. నేరం ఒప్పుకున్న రోజు విచారణ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్టులో జరిగిన మాటల లిఖిత ప్రతి) కూడా తెప్పించండి. హక్కు వదులుకునే ఆ పేరా గురించి జడ్జి స్వయంగా, బహిరంగ కోర్టులో నిందితుడికి చెప్పి, అర్థమైందో లేదో తేల్చుకోవాలని అక్కడి ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ నిబంధనల్లోని 11వ నిబంధన చెబుతోంది. మీవాడికి పౌరసత్వం లేకపోతే, దేశ బహిష్కరణ ముప్పు గురించి లాయరు ముందే హెచ్చరించారా అన్నది కూడా అడగండి. అమెరికా సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన పడిల్లా తీర్పు ప్రకారం అది లాయరు బాధ్యత.

మూడో జవాబు (గుంటూరు న్యాయవాది):
మన దేశంలో పద్ధతి వేరు కాబట్టి ఇక్కడివారి సలహాతో అక్కడ అడుగు వేయకండి. 2006 నుంచి అమల్లో ఉన్న మన ప్లీ బార్గెయినింగ్‌లో (నేరం ఒప్పుకొని తక్కువ శిక్షకు ఒప్పందం చేసుకునే పద్ధతిలో) అప్పీలును చట్టమే తీసేసింది. సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్, హైకోర్టులో రిట్ మాత్రమే మిగిలాయి. అమెరికాలో అది మనిషి సంతకంతో పోయే హక్కు గనుక, ఆ సంతకం తెలిసి, ఇష్టపూర్వకంగా పెట్టాడా అన్న ప్రశ్నకు అక్కడ అంత బరువుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి జైలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. లాయరుకు ఉత్తరం రాశాడు. నోటీసు కూడా సొంతంగా రాసి సిద్ధంగా ఉంచుకున్నాడు. ట్రాన్‌స్క్రిప్ట్ కోసం పిన్ని ఈ రోజే డబ్బు పంపుతోంది.