పసుపు కింద గురి బిగుసుకుపోతోంది, క్లిక్ పడకముందే బాణం వదిలేస్తోంది

పటమట_అమ్మ:
మా అమ్మాయికి 16 ఏళ్లు, ఆర్చరీలో రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) వేస్తుంది. నెల రోజులుగా 60 మీటర్ల దగ్గర సైటు పిన్ను (గురి చూసే పిన్ను) టార్గెట్ మధ్యలోని పసుపు కిందకొచ్చి ఆగిపోతోంది. బలవంతాన పైకి తెస్తే క్లిక్కర్ (బాణం పూర్తిగా లాగాక టిక్కుమనే రేకు) పడకముందే వదిలేస్తోంది. ధైర్యం చెబితే ఏడుపు. ఇది భయమా, టెక్నిక్ లోపమా?

సత్యనారాయణపురం_విల్లు:
అమ్మా, దీన్ని టార్గెట్ ప్యానిక్ అంటారు. పిరికితనం కానే కాదు. గురి కుదరడం, బాణం వదలడం రెండూ ముడిపడిపోయి, పసుపు కనబడగానే వేళ్లు తెరుచుకుంటాయి. దాన్ని ఆపుకోబోతే గురి కిందే బిగుసుకుంటుంది. అందుకే ధైర్యం చెప్పేకొద్దీ ముదురుతుంది.

రెండు వారాలు టార్గెట్ ఫేస్ (రంగు వలయాల కాగితం), సైటు రెండూ తీసేయండి. 3 నుంచి 5 మీటర్ల దూరంలో ఉత్త బట్‌కి (బాణాలు గుచ్చుకునే దిమ్మకి) రోజూ 60 బాణాలు చాలు. యాంకర్ (లాగిన చెయ్యి గడ్డం కింద ఆనే చోటు) కుదిరాక కళ్లు మూసుకోవాలి, పక్కన ఒకరు తప్పకుండా ఉండాలి. వెన్నుతో లాగుతుంటే క్లిక్కర్ దానంతటదే పడాలి. తర్వాత 10 మీటర్ల దగ్గర 122 సెం.మీ. ఫేస్. అక్కడ సగం సార్లు పసుపులో 5 సెకన్లు నిలిపి, బాణం వదలకుండా మెల్లగా దించాలి. ఇది కుదిరాకే 18, ఆపైన 30. నాలుగు రోజులు బాగుందని 60కి దూకితే మళ్లీ మొదటికొస్తుంది.

బ్రాడీపేట_ఆర్చర్:
ముందు విల్లు పౌండేజీ (లాగడానికి పట్టే బరువు) చెప్పండి. యాంకర్‌లో 10 సెకన్లు వణక్కుండా నిలవలేకపోతే ఆ విల్లు బరువెక్కువ. నిలపలేని చెయ్యి తొందరపడుతుంది, మనకది మనసు సమస్యలా కనబడుతుంది.

పటమట_అమ్మ:
రెండు నెలల కింద 36 నుంచి 42 పౌండ్లకి లింబ్స్ (విల్లు రెక్కలు) మార్చారండీ! నెలాఖరులో సెలక్షన్స్ ఉన్నాయి. కొందరేమో జ్యోతి సురేఖలా కాంపౌండ్‌కి (కప్పీలుండే విల్లుకి) మార్చమంటున్నారు.

బ్రాడీపేట_ఆర్చర్:
పాత లింబ్స్ వేయండి. బరువు తగ్గితే కాస్త ఎక్కువ లాగుతుంది, కాబట్టి క్లిక్కర్ మళ్లీ సరిచేయాలి. దూరం పెంచేముందు బాణాల స్పైన్ (బిగువు) కూడా చూడాలి.

సత్యనారాయణపురం_విల్లు:
ఈ సెలక్షన్స్ వదిలేయమనే నా మాట. ఎలిమినేషన్ మ్యాచ్‌లో వంతులవారీగా వేసేటప్పుడు బాణానికి 20 సెకన్లే, ఆ ఒత్తిడి చివర్న కలపాల్సింది. కాంపౌండ్‌లో క్లిక్కర్ ఉండదు గానీ, బాణం వదిలే ట్రిగ్గర్‌ని గుద్దేయడంగా ఇదే సమస్య వస్తుంది. దీన్నుంచి తప్పించుకోవడానికి మారొద్దు. ఇంట్లో స్కోరు అడక్కండమ్మా, క్లిక్ తర్వాత ఎన్ని వదిలిందో అడగండి. నిద్ర, తిండి తప్పుతుంటే మాత్రం ఆగకుండా సైకాలజిస్టుకి చూపించండి.