కిడ్నీ మార్పిడి అయిన అందరికీ ఫంగస్ మందు ముందే ఇవ్వాలా?

చెల్లిచ్చిన కిడ్నీ:
నాకు కిడ్నీ మార్చి ఎనిమిది నెలలైంది, ఇచ్చింది మా చెల్లి. నాతోపాటు డయాలిసిస్‌కి వచ్చిన ఒకాయనకి నాకంటే ముందే ఆపరేషన్ అయింది, మొన్న బ్లాక్ ఫంగస్ వచ్చింది. పళ్లు కదులుతున్నాయని పళ్ల డాక్టర్ చుట్టూ తిరగడంలోనే పది రోజులు పోయాయి, చివరికి పైదవడ, ఒక కన్ను తీసేశారు. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఊపిరితిత్తులు మార్చినవాళ్లకి చాలా చోట్ల ఫంగస్ మందు ముందే ఇస్తారట కదా, మరి మనకెందుకివ్వరు? పోసకోనజోల్ అనే ఫంగస్ మందు ఏడాదిపాటు అందరికీ ఇవ్వాలనే నేనంటా.

గోదారి గట్టు:
తమ్ముడూ, నీ భయం నాకు తెలుసు, నాదీ మార్చిన కిడ్నీయే, పదకొండేళ్లయింది. కానీ ఈ మాట ఒప్పుకోను. ఊపిరితిత్తుల సంగతి వేరు, పీల్చే గాలిలోని ఫంగస్ నేరుగా కొత్త అవయవంలోకే పోతుంది. అమెరికాలో 2001 నుంచి 2006 దాకా ట్రాన్స్‌నెట్ అని లెక్క తీశారు, మొదటి ఏడాదిలో లోపలికి పాకే ఫంగస్ ఊపిరితిత్తులవాళ్లలో 8.6 శాతం, కిడ్నీవాళ్లలో 1.3. మన దగ్గర షుగరూ దుమ్మూ ఎక్కువ, ఇక్కడా అంతే ఉంటుందని నేననను. అయినా మందు ఊరికే పోదు కదా.

నాకు తొడల్లో తామరొస్తే ఊళ్లో ఒక డాక్టరు ఇట్రాకోనజోల్ రాశాడు, కిడ్నీ మార్చారని చెప్పా, ఏం కాదన్నాడు. పదో రోజుకి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి చొక్కా మీద ఒలికింది, బొత్తాలు మా ఆవిడే పెట్టాల్సొచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మనం వేసుకునే టాక్రో ఉంది కదా, టెస్టు చేయిస్తే రక్తంలో ఏడు లోపుండే దాని లెవెల్ 27, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 కాస్తా 2.1. ఈ కోనజోల్ మందులు లివర్లో టాక్రోని అరగదీసే ఎంజైముని ఆపేస్తాయి, అందుకే వోరికోనజోల్ పెట్టేటప్పుడు టాక్రో డోసు మూడో వంతుకి దించుతారు. ఫంగస్ మందు ఆపాక టాక్రో డోసు మళ్లీ పెంచకపోతే లెవెల్ పడిపోయి రిజెక్షనొస్తుంది, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతుంది. నెలనెలా లెవెల్ చూపించుకోలేనివాళ్లు ఎంతమంది ఉన్నారు మనలో?

వార్డు సిస్టర్:
మీరు వేసుకునే సెప్ట్రాన్ దేనికనుకుంటున్నారు? న్యూమోసిస్టిస్ అని నిమ్ము తెచ్చేది, అదీ ఫంగసే. ఆపరేషన్ అయ్యాక కనీసం ఆరు నెలలు దాదాపు అందరికీ ఇస్తాం, చవక, టాక్రోతో పెద్ద పేచీ లేదు. పోసకోనజోల్ అలా కాదు, ఖరీదు, లెవెల్ గొడవ. పోనీ ఫ్లుకోనజోల్ ఇద్దామంటే కాండిడా అనే ఇంకో ఫంగస్‌కి పనిచేస్తుంది గానీ బ్లాక్ ఫంగస్‌కి పనిచేయదు, వోరికోనజోల్ కూడా అంతే. రిజెక్షనొచ్చి, రోగనిరోధక శక్తిని బాగా అణిచే ఏటీజీ మందు ఎక్కించినవాళ్లు, వారాల తరబడి ఐసీయూలో ఉన్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, వీళ్లకి ఇవ్వాలా అన్నది డాక్టర్లు కూర్చుని ఆలోచించాల్సిందే, అందరికీ మాత్రం వద్దు.

చెల్లిచ్చిన కిడ్నీ:
1.3 అంటున్నారు గానీ సిస్టర్, ఆయనింటికి అది నూటికి నూరు. 2021 మేలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దగ్గర బ్లాక్ ఫంగస్‌కి ఎక్కించే ఆంఫోటెరిసిన్ కోసం జనం ఎంత అల్లాడారో చూశాం కదా. 60 కిలోల మనిషికి రోజుకి 50 మిల్లీగ్రాములవి ఆరు సీసాలు, అదీ వారాల తరబడి, పైగా ఆ మందూ కిడ్నీ మీదే పడుతుంది. దాంతో పోలిస్తే ముందే ఆపడం ఖరీదా?

వార్డు సిస్టర్:
ఆయన షుగర్ ఎంతుందో అడిగారా? స్టెరాయిడ్, టాక్రో రెండూ షుగర్ పెంచేవే. ఇంకోటి, పది రోజులు పోయాయన్నారు చూడండి, నా ప్రాణం అక్కడే ఉసూరుమంది. చెంప తిమ్మిరి, ముక్కులోంచి నల్లటి చెక్కు, ఒకటి రెండుగా కనిపించడం, పళ్లు కదలడం, వీటిలో ఏదొచ్చినా ఆ రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. డిశ్చార్జి రోజు ఈ మాట మేమే గట్టిగా చెప్పాలి, హడావుడిలో చెప్పట్లేదు.

చెల్లిచ్చిన కిడ్నీ:
వాళ్లావిడని అడిగా. రిజెక్షన్‌కి స్టెరాయిడ్ ఎక్కించాక షుగర్ 400 దాటిందట, ఇంట్లో చూసుకునే మిషనే లేదట. అందరికీ అన్న మాట వదిలేస్తున్నా, కానీ ఆయనలాంటివాళ్లకి ఆ రెండు మూడు నెలలైనా ఇవ్వాల్సింది అన్న మాట మీదే ఉన్నా. సోమవారం లెవెల్‌కి వెళ్తున్నా, మా డాక్టర్ని అడుగుతా. అన్నా, ఇంతకీ తామర ఎలా తగ్గింది?

గోదారి గట్టు:
మాత్రలు ఆపేసి టెర్బినాఫిన్ పూతమందు రాశారు మా కిడ్నీ డాక్టరు. రెండు నెలలు పట్టింది.