వాషింగ్ మెషీన్ నిండడానికి అరగంట పడుతోంది, నీళ్లు లోపలికి వదిలే వాల్వ్ మార్చాల్సిందేనా?

నిజాంపేట టాప్‌ఫ్లోర్:
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది ఐదో అంతస్తు, నెత్తిమీదే ట్యాంకు. బోరు నీళ్లు, చాలనప్పుడు ట్యాంకర్. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్, కొని నాలుగేళ్లు. ఇదివరకు నీళ్లు ఎప్పుడు పట్టుకుందో కూడా గమనించేదాన్ని కాదు. ఈ వేసవి నుంచి సన్నగా దారంలా వస్తున్నాయి. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, నీళ్లు రావడం లేదని కోడ్ చూపించి, ఇల్లంతా వినపడేలా అరుస్తుంది.

పక్కనున్న నల్లా మాత్రం బాగానే వస్తోంది. ఇంకో వింత, పొద్దున్నే వేస్తే ఒక మోస్తరుగా నిండుతుంది, మధ్యాహ్నం వేస్తేనే ఈ గోల. మెషీన్‌కి కూడా అన్నం తిన్నాక కునుకు కావాలేమో అంటారు మా అత్తగారు. సర్వీస్ అబ్బాయి వచ్చి, వెనక పైపు విప్పకుండానే ‘వాల్వ్ పోయింది మేడమ్, మార్చాలి’ అన్నాడు. పోయిన వాల్వ్ పొద్దున పూట ఎలా పనిచేస్తుందండీ? నిండిన నీళ్లు నిండినట్టే బయటికి పోతున్నాయేమోనని డ్రైన్ పైపు కూడా చూశాను, పైకే కట్టి ఉంది, జారలేదు.

గాజువాక గృహిణి:
సబ్బు వేసే ట్రే బయటికి లాగి కడిగి చూడండి. మాది గడ్డకట్టి ఉండేది.

పాత రెంచీ:
ట్రే కడగడం మంచిదే కానీ, అది పూడుకుంటే నీళ్లు ముందు నుంచి పొర్లుతాయి తప్ప ఇలా ఆలస్యం కావు.

నేను కూకట్‌పల్లి వైపు ఇవే రిపేర్లు చేస్తానమ్మా. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పొద్దునకీ మధ్యాహ్నానికీ మారేది వాల్వ్ కాదు, ట్యాంకులో నీళ్ల మట్టం. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే సుమారు ఒక బార్ ప్రెషర్. మీ మెషీన్‌కీ ట్యాంకులోని నీళ్లకీ మధ్య మహా అయితే రెండున్నర మీటర్లు ఉంటుంది, అంటే పావు బార్. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్ల పుస్తకాల్లో కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలని రాసి ఉంటుంది. అందరూ వాడుకుని ట్యాంకు ఒక మీటరు తగ్గిందంటే ఆ పావులో 0.1 పోయినట్టే. మొదటి అంతస్తు వాళ్లకి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

నల్లా బాగా వస్తోందని మోసపోకండి. నల్లాకి కనీస ప్రెషర్ అంటూ ఏమీ లేదు. మెషీన్ వాల్వ్‌లో కరెంటు చేసేది ఒక చిన్న రంధ్రం తెరవడమే. లోపలి రబ్బరు పొరను పైకి లేపాల్సింది నీళ్ల ఒత్తిడే. ఒత్తిడి లేకపోతే అది సగమే లేస్తుంది.

అయితే నాలుగేళ్లు నడిచిన మెషీన్ ఈ ఏడాదే మొరాయించిందంటే ప్రెషర్ ఒక్కటే కాదు, దారిలో ఏదో అడ్డు కూడా పడింది. మెషీన్ పైపు బిగించిన నల్లా కట్టేయండి, ప్లగ్ పీకండి. మెషీన్ వెనక పైపు చేత్తో తిప్పితే వచ్చేస్తుంది, కింద గిన్నె పెట్టుకోండి. ఆ పైపు కొసని మెషీన్ ఎత్తులోనే పట్టుకుని, నల్లా తిప్పి పది లీటర్ల బకెట్ నింపండి. రెండు నిమిషాలు దాటితే లోపం మెషీన్ బయటే అని నా లెక్క. తర్వాత పైపు విప్పిన చోట వేలంత జాలీ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న బొడిపెను కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని మెల్లగా లాగండి. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి. పైపుకి నల్లా వైపు కూడా ఒక్కోసారి జాలీ ఉంటుంది. జాలీ లేకుండా మాత్రం నడపకండి. ఇసుక రేణువు ఆ రబ్బరు కింద ఇరుక్కుంటే మెషీన్ ఆపేసినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

నిజాంపేట టాప్‌ఫ్లోర్:
చేశానండీ. జాలీకి సున్నం కొట్టినట్టు తెల్లటి పొర, దానికి ఇసుక, పైగా ఒక తెల్ల టేపు ముక్క! ఉగాది ముందు ప్లంబర్ యాంగిల్ కాక్, అదే మెషీన్ పైపు బిగించే నల్లా, మార్చాడు, ఆయన చుట్టిన టేపే. శుభ్రం చేసి బిగించాక పొద్దున చక్కగా నిండింది. మధ్యాహ్నం కూడా కోడ్ రాలేదు గానీ నెమ్మదిగానే ఉంది. బకెట్ పరీక్ష మధ్యాహ్నమే చేశాను, మూడు నిమిషాలకు పైనే పట్టింది. ఆ వాల్వ్ ఖర్చుతో మోటారు పెట్టించుకోనా?

పాత రెంచీ:
వాల్వ్ వద్దు. మధ్యాహ్నం వేయక తప్పదనుకుంటేనే ప్రెషర్ పెంచే చిన్న బూస్టర్ పంపు పెట్టించండి, అర హెచ్‌పీ లాంటివి అక్కర్లేదు. ట్యాంకు నుంచి మీ ఫ్లాట్‌కి దిగే లైన్‌లోనే బిగించాలి. నీళ్లు పారితే దానంతట అదే ఆన్ అయ్యే రకం తీసుకోండి, కానీ మీకున్న సన్నటి ధారకి అది ఆన్ అవుతుందో లేదో షాపులో ముందే గట్టిగా అడగండి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఉత్తినే తిరిగితే పంపు కాలిపోతుంది, దానికి రక్షణ ఉందో చూసుకోండి. అదేమీ వద్దనుకుంటే మీ వాచ్‌మన్ మోటారు వేసే టైము కనుక్కుని, ట్యాంకు నిండాక మెషీన్ వేసుకోండి.

గాజువాక గృహిణి:
టేపు ముక్క అనేసరికి నేనూ మాది విప్పి చూశాను. ఇసుకే వచ్చింది, చెంచాడు.