ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి): కొండ రంధ్రాన సంద్రమ్ము కూరుచుండె (తేటగీతి ఛందస్సు)

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు): మొన్న తిరుమలలో చక్రతీర్థం దారిలో శిలాతోరణం ఫోటోలు తీశాను. ప్రకృతే చెక్కిన రాతి కమాను, సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఇంటికొచ్చి కమాను నడిమి ఆకాశాన్ని కత్తిరించి, అక్కడ విశాఖ బీచ్ ఫోటో అతికించా. ఎదురింటాయన నిజమే అనుకున్నాడు! ఈ పాదం అక్కడ పుట్టింది. నా పూరణ:

తిరుమలన్ శిలాతోరణ తీరుఁ జూచి
పటముఁ దీసి నడుమ నున్న బయలులోన
చక్కగా విశాఖ కడలి జతగఁ గూర్ప
కొండ రంధ్రాన సంద్రమ్ము కూరుచుండె

లెక్కల మాస్టారు: గణాలు (గురులఘువుల లెక్క), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) సరే. "చక్కగా" మాత్రం పాదం నింపడానికి వచ్చిన మాట. పైగా గుట్టంతా మీరే విప్పేశారు, వంట విధానం చదివినట్టుంది. ఫోటోలోనూ ఒక చిక్కుంది. రాతి మీద ఎండ ఎడమ నుంచి, అలల మీద కుడి నుంచి పడుతోంది. అతుకు అక్కడే దొరికిపోతుంది. రాయిని దాదాపు నల్లగా వదిలేయండి, కన్ను తిన్నగా నీళ్ళ మీదికి పోతుంది.

కోటగోడ (మారుపేరు): నాకు కొలాజ్ అక్కర్లేదు, మంచు చాలు.

కార్తికమ్మున లోయనుఁ గప్పె మంచు
అలల వోలె మబ్బులు వచ్చి నిలిచిపోయె
చూడఁ దోరణమధ్యానఁ జోద్యముగను
కొండ రంధ్రాన సంద్రమ్ము కూరుచుండె

కొత్త సభ్యుడు: రెండో పాదంలో యతి తప్పింది కదా? "అ"కీ "ని"కీ ఎలా కుదిరింది?

లెక్కల మాస్టారు: అది ప్రాసయతి నాయనా, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కుదరడం. "అలల", "నిలిచి": రెండిట్లోనూ రెండో అక్షరం "ల", దాని ముందున్నవి రెండూ లఘువులే. తేటగీతిలో చెల్లుతుంది, కంద పద్యంలో చెల్లదు. నాకు నచ్చనిది "చోద్యముగను". చోద్యమని మేం అనుకోవాలి గానీ మీరు చెబితే ఎలా?

చింతచెట్టు (మారుపేరు): నా మొదటి పద్యం, తిట్టకండి. మా అమ్మ చిత్తూరు నుంచి కాట్పాడి, తిరుపతి తప్ప ఎక్కడికీ పోలేదు.

అమ్మ చూడని సంద్రాన్ని అతికి పెట్టి
గోడకుం దగిలింపఁగాఁ గుచ్చి యడిగె
"ఇంత దూరమ్ము నడచి తానెటుల వచ్చి
కొండ రంధ్రాన సంద్రమ్ము కూరుచుండె?"

లెక్కల మాస్టారు: తిట్టడమెందుకమ్మా! "నడచి" దగ్గర ఆగిపోయా. సముద్రం నడిచొచ్చింది కాబట్టే "కూరుచుండె" అన్న మాటకు పని దొరికింది, మిగతా రెండు పూరణల్లో అది ఊరికే ఉంది. ఒక్క దోషం: "సంద్రాన్ని అతికి" విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట విడగొట్టారు. "సంద్రమ్ము నతికి పెట్టి" అనండి, గణమూ యతీ చెడవు. "సంద్రం" కూడా వాడుక మాటే అనుకోండి, ఆ పాపం పృచ్ఛకుడిది.

పృచ్ఛకుడు: ఒప్పుకున్నా మాస్టారూ.

కోటగోడ: మన తిరుపతికి సముద్రం లేదన్న ధీమాతో ఇచ్చినట్టున్నారు సమస్య! 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకే వచ్చింది. విశాఖ దాకా పోవాల్నా?

చింతచెట్టు: పాదం దిద్దాను మాస్టారూ. అమ్మ ఇంకా ఆ ఫోటో ముందే ఉంది. అలల్లో నిలబడిన పిల్లోడిని వేలితో చూపించి, "వీడి చెప్పులు యాడ పెట్టినాడో" అంటోంది.